గుండె జబ్బుల మీద పరిశోధనలు: వేలూరు ప్రాంత తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

అరక్కోణం, గుడియాత్తం, వేలూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలో గుండెకో, బీపీకో, షుగరుకో మాత్రలు వేసుకునే పెద్దలు ఎందరో ఉన్నారు. ఈ మాత్ర పనిచేస్తుందని ఎవరు, ఎలా తేల్చారు? ఛాతీలో నొప్పి వస్తే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరాలి? ఆసుపత్రిలో "ఒక పరిశోధన జరుగుతోంది, చేరతారా" అని అడిగితే ఏమి చెప్పాలి? సంఘం సభ్యులు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. నేను వైద్యుణ్ణి కాను, గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అచ్చయిన పరిశోధనల ఫలితాల నుంచి మన కుటుంబాలకు పనికివచ్చే వాటిని ఒకచోట చేర్చి రాస్తున్నాను. దీన్ని చదివి ఎవరూ సొంతంగా మందులు మార్చుకోవద్దని మొదటే మనవి.

వేలూరు పాత్ర

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే ఊరిలో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, అంటే సీఎంసీ. 1949లో డాక్టర్ రీవ్ బెట్స్ ఇక్కడ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. గుండెను తెరిచి చేసే ఆపరేషన్లు మన దేశంలో 1960ల మొదట్లో ఆరంభమయ్యాయి. వాటిని తొలుత చేసిన ఒకటి రెండు ఆసుపత్రుల్లో సీఎంసీ ఉంది. చిత్తూరు జిల్లా నుంచి, ఇంకా దూరపు ఆంధ్ర జిల్లాల నుంచి నేటికీ తెలుగు రోగులు కాట్పాడి స్టేషనులో దిగి అక్కడికి వెళుతుంటారు.

ఈ ప్రాంతం చికిత్సకు మాత్రమే కాదు, పరిశోధనకూ పేరు పొందింది. 2001–02లో వేలూరు జిల్లా గ్రామీణ పాఠశాలల్లో సుమారు 2,29,000 మంది పిల్లలను పరీక్షించారు. కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు చెడిపోయే జబ్బు, అంటే రుమాటిక్ గుండె జబ్బు, వెయ్యిమందిలో 0.68 మందికి ఉన్నట్టు తేలింది. అంతకు ముందు దశాబ్దాల సర్వేలతో పోలిస్తే ఇది బాగా తక్కువ. కానీ 1990ల మొదట్లో ఒకసారి, 2010–12లో మరోసారి ఇదే ప్రాంతంలో పెద్దవాళ్ల మీద జరిపిన సర్వేలు వేరే సంగతి చెప్పాయి. పట్నంలోనే కాదు, పల్లెల్లో కూడా షుగరు, అధిక బరువు బాగా పెరిగాయి. కవాటాల జబ్బు తగ్గుముఖం పట్టిన కాలంలోనే రక్తనాళాలు పూడుకుపోయే జబ్బుకు దారితీసే కారణాలు బలపడ్డాయి.

ఆంధ్రలోనూ ఇదే తీరు కనిపించింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి విచారించారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. చనిపోయినవారిలో 32 శాతం మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటురోగాలతో పోయినవారు 12 శాతం మాత్రమే. గుండెపోటు డబ్బున్నవాళ్ల జబ్బు, పట్నం జబ్బు అనే పాత మాట ఇక చెల్లదు.

మనవాళ్లకు ముందే ఎందుకు వస్తుంది?

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన 2004లో వెలువడింది. మొదటిసారి గుండెపోటు వచ్చిన దాదాపు 15,000 మందిని, రానివారు అంతేమందితో పోల్చి చూశారు. పొగాకు, రక్తంలో కొవ్వు తేడాలు, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం మొదలైన తొమ్మిది అంశాలే గుండెపోట్లలో అత్యధిక భాగానికి కారణమని తేలింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. మిగతా దేశాల వారికి దాదాపు 59 ఏళ్లకు వస్తోంది. ఆరేళ్ల తేడాకు కారణం మన రక్తంలో ఉన్న శాపమేమీ కాదు. ఈ తొమ్మిది కారణాలే మనవాళ్లకు చిన్న వయసులో చుట్టుకుంటున్నాయి.

బీడీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గుడియాత్తం వైపు బీడీ చుట్టే పని చాలా ఇళ్లకు ఆధారం. సిగరెట్టు కన్నా బీడీ మంచిదని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇదే పరిశోధనలో బీడీ కూడా గుండెపోటు ప్రమాదాన్ని బాగా పెంచుతుందని రుజువైంది. నమిలే పొగాకుకూ మినహాయింపు లేదు.

మందు పనిచేస్తుందని ఎలా తేలుస్తారు?

"ఫలానాయన వేసుకున్నాడు, తగ్గిపోయింది" అన్నది రుజువు కాదు. ఆయనకు మందు లేకున్నా తగ్గేదేమో ఎవరికి తెలుసు? అందుకని ఒకే రకం రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు పాత మందో, మందులేని ఉత్తమాత్రో ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చివర్లో లెక్క తీస్తారు. చీటీ ఎందుకంటే, డాక్టరే ఎంచుకుంటే బాగున్నవారికి కొత్త మందు, బాగాలేనివారికి పాత మందు పోయి లెక్క తప్పవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ 1988లో వెలువడిన ఐసిస్-2. గుండెపోటుతో చేరిన 17,187 మందిపై ఆస్పిరిన్ మాత్రను, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షనును పరీక్షించారు. రెండూ అందనివారిలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణాలతో నూటికి 13 మంది చనిపోయారు. రెండూ అందినవారిలో నూటికి 8 మంది చనిపోయారు. కొద్ది పైసల ఆస్పిరిన్ ఒక్కటే ఆ మరణాలను అయిదో వంతుకు పైగా తగ్గించింది. ఈరోజు ఆసుపత్రిలో చేరగానే ఆస్పిరిన్ ఇవ్వడానికి ఆధారం ఈ లెక్కే.

పరిశోధన ఒక్కోసారి కొత్తది వద్దని కూడా చెబుతుంది. రుమాటిక్ కవాట జబ్బుతో గుండె లయ తప్పినవారికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. పాత మందులకు నెలనెలా ఐఎన్ఆర్ రక్తపరీక్ష కావాలి. కొత్త మందు రివరాక్సబాన్‌కు ఆ బాధ లేదు. కనుక కొత్తదే మేలని చాలామంది అనుకున్నారు. భారతదేశంతో సహా 24 దేశాల్లో నాలుగున్నర వేల మంది రోగుల మీద జరిగిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో వచ్చింది. పాత రకం మందు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. కనుక మన ఇళ్లలో ఈ జబ్బుకు వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడేవారు పరీక్ష విసుగని మానుకోకూడదు. ఆకుకూరలు ఒకరోజు విపరీతంగా, మరోరోజు అసలు లేకుండా కాక, రోజూ ఒకే మోతాదులో తినాలి. నాటు మందులు, సిద్ధ మందులు వాడుతుంటే డాక్టరుకు దాచకూడదు.

స్టెంట్ విషయం కూడా ఇలాంటిదే. గుండెపోటు వచ్చిన సమయంలో వెంటనే రక్తనాళం తెరవడం ప్రాణం కాపాడుతుంది. అందులో సందేహం లేదు. కానీ నడిస్తే ఆయాసం, కూర్చుంటే తగ్గిపోవడం వంటి నిలకడగా ఉన్న జబ్బులో, 37 దేశాల్లో 5,179 మందిపై జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా పరిశోధన ప్రకారం, మొదటే స్టెంటో బైపాసో చేసినవారికి, మొదట మందులతో చూసినవారికి మరణాల్లో తేడా రాలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి స్టెంట్ ఉపశమనం ఇచ్చింది. కనుక ఇల్లు తాకట్టు పెట్టే ముందు "ఇది అత్యవసరమా, మందులతో కొన్నాళ్లు చూడవచ్చా" అని అడగడం రోగి హక్కు. ఎడమవైపు ప్రధాన నాళంలో పూడిక, గుండె బాగా బలహీనపడటం వంటివి ఉంటే లెక్క వేరు. అది డాక్టరే చెప్పాలి.

సమయమే ప్రాణం

మన దేశంలో 89 ఆసుపత్రుల్లో 20,468 మంది రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అనే అధ్యయనం 2008లో అచ్చయింది. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి సగం మందికి ఆరు గంటలు, అంతకు మించి పట్టింది. నెలరోజుల్లో మరణాలు సంపన్నుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. అందిన చికిత్సల తేడాను లెక్కలోంచి తీసేస్తే ఈ వ్యత్యాసం మాయమైంది. పేదవాడి గుండె బలహీనమై కాదు, అదే మందు, అదే చికిత్స అతనికి అందక ప్రాణం పోయిందన్న మాట.

దీనికి జవాబుగా తమిళనాడులో ఒక ప్రయత్నం జరిగింది. చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులకు కలిపి, చిన్నచోట ఈసీజీ తీసి గడ్డ కరిగించే మందు ఇచ్చి, తరువాత పెద్ద ఆసుపత్రికి యాంజియోగ్రామ్ కోసం పంపే పద్ధతి అది. డాక్టర్ థామస్ అలెగ్జాండర్, డాక్టర్ అజిత్ ముల్లాసరి తదితరులు నడిపిన ఈ పనిలో సీఎంసీ వైద్యులు కూడా పాలుపంచుకున్నారు. 2,420 మంది రోగుల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి.

అరక్కోణం నుంచి కాట్పాడి రైలులో సుమారు 60 కిలోమీటర్లు. "ఎలాగైనా సీఎంసీకే పోదాం, లేకపోతే చెన్నైకి పోదాం" అని కారు కోసం వెతుకుతూ దగ్గరి ఆసుపత్రిని దాటిపోతే విలువైన సమయం పోతుంది. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరాడకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీయగల దగ్గరి ఆసుపత్రికి ముందు చేరాలి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే ఉండవచ్చు. గ్యాసని సోడా తాగి పడుకోవడం చాలా ప్రమాదం.

తమిళనాడు ప్రభుత్వం 2023లో తెచ్చిన ఇదయం కాప్పోం పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే గుండెపోటు అనుమానం ఉన్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మొదటి మోతాదు ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద బీపీ, షుగరు మందులను ఇంటికే తెచ్చి ఇస్తారు. తెలుగువారమని సంకోచించకుండా ఈ సదుపాయాలు వాడుకోవాలి. ఇవి రాష్ట్రంలో ఉన్న మనందరివీ.

పరిశోధనలో చేరమంటే ఏం చేయాలి?

పరిశోధన అనగానే "మనమీద ప్రయోగాలు చేస్తారు" అని భయపడేవారు ఉన్నారు, చదవకుండానే సంతకం పెట్టేవారూ ఉన్నారు. రెండూ సరికాదు. పైన చెప్పిన ప్రతి ఫలితం వెనుక వేలమంది రోగుల సమ్మతి ఉంది. అలాగే మనకు చట్టం ఇచ్చిన రక్షణలూ ఉన్నాయి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 నుంచి మందుల పరీక్షలు అక్కడ నమోదు కావడం తప్పనిసరి. 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. ముఖ్యమైనవి ఇవి:

1. నైతిక సంఘం, అంటే ఎథిక్స్ కమిటీ, అనుమతి లేనిదే పరిశోధన జరపరాదు.

2. వివరాల పత్రం, సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారికి పరిశోధనతో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి.

3. చేరడం పూర్తిగా ఇష్టం మీదే. చేరనన్నా, మధ్యలో మానేసినా మామూలు చికిత్స ఆపకూడదు.

4. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఇవ్వాలి.

5. సంతకం చేసిన పత్రం నకలు రోగికి ఇవ్వాలి.

రెండో అంశం మనకు చాలా ముఖ్యం. మన ఇళ్లలో కొందరు పెద్దలు తెలుగు మాట్లాడతారు, తమిళం మాట్లాడతారు, కానీ చదవగలిగేది ఒక్కటే. పిల్లలేమో తమిళం, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు లిపి రాదు. ఇంగ్లీషు పత్రం మీద పిల్లవాడు చూపిన చోట తాతగారు సంతకం పెడితే అది సమ్మతి అనిపించుకోదు. "తెలుగు పత్రం ఉందా" అని అడగడంలో తప్పు లేదు. లేకుంటే తెలిసిన భాషలో చదివి వినిపించమనండి. ఇంటికి తీసుకెళ్లి రేపు చెబుతానని అడగవచ్చు. ఉద్యోగంలో ఉన్నంతకాలం చదవని కాగితం మీద సంతకం పెట్టని అలవాటు నాది. ఫైలు మీద సంతకానికే అంత జాగ్రత్త పడితే, సొంత గుండె విషయంలో ఇంకెంత పడాలి?

ఇంట్లో చేయవలసినవి

గుండెపోటు ఒకసారి వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు "ఇప్పుడు బాగానే ఉంది" అని మాత్రలు ఆపడం అన్నింటికన్నా పెద్ద ప్రమాదం. ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగరు చూపించుకోవాలి. ఊరగాయ, అప్పడం, కరువాడు తగ్గించాలి. బీడీ, సిగరెట్టు మానాలి. రోజూ అరగంట నడవాలి.

ప్రతి ఇంట్లో ఒక కాగితం మీద రోగి పేరు, జబ్బు, మందుల పేర్లు, మోతాదు, పడని మందులు, పాత ఈసీజీ తేదీ రాసి, బీమా కార్డు నకలుతో కలిపి తలుపు దగ్గరి అరలో పెట్టండి. మందుల పేర్లు ఇంగ్లీషులోనూ, మిగతావి తమిళంలోనూ రాయించండి. రాత్రివేళ 108లో వచ్చినవారికీ, ఆసుపత్రిలో ఉన్న డాక్టరుకూ ఆ ఒక్క కాగితం ఎంతో సమయం మిగులుస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్దలకు ఆ కాగితం రాసిపెట్టడం, సమ్మతి పత్రాలు చదివి వినిపించడం మన సంఘం యువకులు చేయగల సేవ. ముందుకు వచ్చేవారు తమ వీధి పేరుతో సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.