కోటలో కాపురం

కొండపల్లి అనగానే ఆడవాళ్ళకు ముందు గుర్తొచ్చేవి బొమ్మలే కదూ! పొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు, దశావతారాలు మన బొమ్మల కొలువుల్లో ఏళ్ళ తరబడి కూర్చుంటూనే ఉన్నాయి. తాడేపల్లిలో ఉన్న మనకు కృష్ణ దాటి, బెజవాడ దాటితే వచ్చే ఊరే అది. అయినా ఆ ఊరి నెత్తిన ఉన్న కోట ఎక్కి చూసినవారు మనలో ఎందరుంటారు?

ఆ కోట ఒకరు కట్టి విడిచిపెట్టింది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తీరాంధ్రంలో రెడ్డి రాజులు తలెత్తారు. అద్దంకి నుంచి రాజధాని కొండవీటికి మారింది. కొండపల్లి కోట కూడా ఆ 14వ శతాబ్దిలో వెలసిందే. అప్పటి అవసరం ఒక్కటే, ప్రాణం దక్కాలి. అందుకే ఒకదాని వెనుక ఒకటిగా మూడు ద్వారాలు పెట్టుకున్నారు.

మరి ప్రాణం దక్కితే చాలునా? తిండీ నీళ్ళూ అక్కర్లేదూ? చరిత్ర పుస్తకాలు యుద్ధాలు లెక్కపెడతాయి. నా కళ్ళు మాత్రం ధాన్యపు కొట్టు మీదికీ, చెరువు మీదికీ పోయాయి. రెండు కొండల నడుమ శిఖరం మీద తానీషా మహల్ అని పిలిచే భవనం ఉంది. కింద అనేకం గదులు, పైన విశాలమైన హాలు. దగ్గరలోనే లోతైన జలాశయం, దాని అవతల ధాన్యపు కొట్టు. రాణీ మహల్, నర్తనశాల అని చూపించే కట్టడాలూ ఉన్నాయి. అంటే కాపలా కాసే చోటికి మెల్లగా కాపురం వచ్చి చేరిందన్నమాట.

కాపురం చేరాక భయం రెట్టింపవుతుంది. 1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలు కొండపల్లిని ముట్టడించాడు. కోట లొంగినప్పుడు గజపతి భార్య, కొడుకు కూడా పట్టుబడ్డారని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. ఆ రాణి పేరైనా ఆయన చెప్పలేదు. శత్రువును ఆపడానికి కట్టిన గోడలే ఆ తల్లికి బయటికి దారి లేకుండా చేశాయి.

తరువాత కోట గోల్కొండ నవాబులది, 1687 తరువాత మొగలులది, 1766లో ఇంగ్లీషువారిది అయింది. వాళ్ళు అక్కడ బారకాసులు కట్టుకున్నారు. వాళ్ళ సమాధులు కూడా అక్కడే ఉన్నాయి.

కొండ మీద కాపురం సుఖం కాదని కొందరు ముందే గ్రహించారు. చంద్రగిరి చూడండి. కోట కొండ మీద ఉంది గాని, మూడంతస్తుల రాజమహల్ కొండ కిందనే ఉంది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారట! పక్కనే రాణీమహల్.

మన వైపు ఆ పని చేసినవారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు. 18వ శతాబ్ది చివర కృష్ణ ఒడ్డున ఉన్న చింతపల్లిని విడిచి అమరావతికి మారారు. మంగళగిరి గాలిగోపురం కట్టించిన దాత ఆయనే. ఆ దాతృత్వాన్ని నేను కాదనను. కాని కొత్త ఊరికి ఇటుకలూ రాళ్ళూ కావాలి గదా! దీపాలదిన్నె అని జనం పిలుచుకునే మట్టిదిబ్బను తవ్వారు. అది దాదాపు రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం. ఇటుకలు ఇళ్ళకు పోయాయి. చెక్కిన పలకలు కొన్ని పగిలాయి, కొన్ని వేరే కట్టడాల్లో చేరాయి. కల్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే తవ్వకం సాగుతోంది. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం తరువాతి కాలంలో మద్రాసుకూ లండనుకూ తరలిపోయింది.

ఈసారి అమరావతి వెళ్ళినప్పుడు అమరేశ్వరుని దర్శనం కాగానే బస్సెక్కేయకండి. కాస్త నడిచి ఆ స్తూపం దగ్గరికి కూడా వెళ్ళండి. పెద్ద గుండ్రని పునాది, చుట్టూ కొన్ని రాతి పలకలు కనిపిస్తాయి.