తాగుడు మానేవారి మీటింగులు: ఒకటి అనేకమైన తీరు

తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే పద్ధతి అమెరికాలో 1840 నాటికే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో బాల్టిమోర్‌లోని ఒక మద్యం దుకాణంలో కలిసి తాగే ఆరుగురు స్నేహితులు ఇక ముట్టబోమని ప్రతిజ్ఞ రాసుకుని, వాషింగ్టన్ పేరు మీద సంఘం పెట్టారు. అక్కడ పెద్దల ఉపన్యాసాలు లేవు. తాగి చెడి, మాని బాగుపడినవాడే లేచి తన అనుభవం చెప్పేవాడు. కొన్నేళ్లలోనే లక్షలమంది ప్రతిజ్ఞ చేశారు. తర్వాత రాజకీయాలు, నిషేధ వాదాలు చొరబడి సంఘం చీలికలై, దాదాపు కనుమరుగైంది.

ఆ పద్ధతి మళ్లీ ప్రాణం పోసుకున్నది 1935 మే నెలలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. వ్యాపారం పని మీద ఆక్రన్ వచ్చాడు, పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒక వైపు బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి; మరోవైపు ఫోను, పక్కన ఊళ్లోని చర్చిల జాబితా ఉన్నాయి. అతను ఫోను వైపు వెళ్లాడు. తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని అతనికి అప్పటికే అర్థమైంది. వరసగా ఫోన్లు చేయగా చివరికి స్థానిక శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ ఆచూకీ దొరికింది. పావుగంట కూర్చుని వెళ్లిపోదామనుకుని వచ్చిన డాక్టరు గంటల తరబడి ఉండిపోయాడు. విల్సన్ నీతులు చెప్పలేదు, తన కథ చెప్పాడు. మధ్యలో ఒకసారి జారిపడినా, డాక్టరు జూన్ 10న చివరిసారి తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

తొలి రోజుల్లో ఆక్రన్‌లో వెతుక్కునే పనే లేదు, అక్కడ ఉన్నది ఒకే మీటింగు. అది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నీడలో, ఒక ఇంట్లో జరిగేది. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చే క్యాథలిక్కులకు ఇదే ఇబ్బందైంది. వేరే మత ఉద్యమంలో పాల్గొనడం వారి చర్చికి సమ్మతం కాదు. దాంతో 1939 మే నెలలో క్లారెన్స్ స్నైడర్ నాయకత్వంలో క్లీవ్‌లాండ్‌లో విడిగా మీటింగు మొదలైంది. అప్పుడే అచ్చయిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుస్తకం పేరే ఆ గుంపుకూ పెట్టారు. తన మతం వదలకుండానే తాగుడు వదలాలనుకున్నవాడికి చోటిచ్చిన చీలిక ఇది. ఆ శరదృతువులో స్థానిక పత్రిక వరుస కథనాలు వేసేసరికి సహాయం కోరేవారు వెల్లువెత్తారు. మాని కొన్ని వారాలే అయినవారు సైతం కొత్తవారికి తోడు నిలవాల్సి వచ్చింది. స్పాన్సర్ అనే ఆచారం బలపడింది అక్కడే.

1941 మార్చిలో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ వ్యాసం వచ్చాక సభ్యులు ఏడాదిలో సుమారు 2,000 నుంచి 8,000కు పెరిగారు. పెరిగినకొద్దీ భయమూ పెరిగింది. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని కాదనాలో ప్రతి గ్రూపూ నియమాలు రాసుకుంది. ఆ నియమాలన్నీ తెప్పించి ఒకచోట పెట్టి చూస్తే, అవన్నీ పాటిస్తే ఎవరూ చేరలేరని తేలింది. 1946లో ప్రకటించి 1950లో ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో మూడోది అందుకే ఒకే అర్హత చెబుతుంది: తాగుడు మానాలన్న కోరిక. నాలుగోది ప్రతి గ్రూపుకూ స్వతంత్రం ఇచ్చింది. మీటింగులు రకరకాలుగా పెరగడానికి అసలు పునాది ఈ రెండే. ఎవరైనా వచ్చి వినగల ఓపెన్ మీటింగు, తాగుడు సమస్య ఉన్నవారికే పరిమితమైన క్లోజ్డ్ మీటింగు, ఒకరే తన కథ చెప్పే మీటింగు, పుస్తకం చదివి చర్చించే మీటింగు వచ్చాయి. 1940ల తొలినాళ్లలోనే స్త్రీలకు విడి గ్రూపులు ఏర్పడ్డాయి. జాతి వివక్ష చాలా తలుపులు మూసిన దేశంలో, 1945లో వాషింగ్టన్‌లో నల్లజాతివారి గ్రూపు నిలబడింది.

ఏఏ మాటల్లో దేవుడి ప్రస్తావన, నిస్సహాయతను ఒప్పుకోవడం అందరికీ సరిపడలేదు. సామాజిక శాస్త్రవేత్త జీన్ కిర్క్‌పాట్రిక్ 1975లో స్త్రీల కోసం విమెన్ ఫర్ సొబ్రైటీ స్థాపించారు. అప్పటికే సమాజం అణచిన స్త్రీకి కావలసింది ఆత్మగౌరవమని ఆమె వాదం, అది న్యాయమైన వాదం. మతప్రసక్తి లేని సెక్యులర్ సంఘాలు 1985 నుంచి వచ్చాయి. ఆలోచనను, ప్రవర్తనను మార్చుకునే మనోవైజ్ఞానిక పద్ధతులపై నడిచే స్మార్ట్ రికవరీ 1994లో మొదలైంది. కుటుంబాల బాధ వేరు గనుక, బిల్ భార్య లోయిస్ విల్సన్ 1951లోనే వారి సంఘమైన అల్-అనాన్‌కు పునాది వేసింది.

ఏఏ 1957లో బొంబాయి చేరింది. తెలుగునాట మద్యంపై పోరు మరో దారిన సాగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతుల నుంచి లేచి సారా దుకాణాలు మూయించారు. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ ఉద్యమం అమ్మకాన్ని ఆపగలిగింది. కానీ ఇంట్లో చేతులు వణుకుతూ కూర్చున్న మనిషిని రోజూ పలకరించడం వేరే పని. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లోని ఏఏ గ్రూపులు ఆ పని చేస్తున్నాయి. తన గోడు తన భాషలో చెప్పుకోలేని మీటింగుకు మనిషి రెండోసారి రాకపోవచ్చు గనుక, ఇంగ్లీషు మీటింగుల పక్కన తెలుగు మీటింగులు కూడా నడుస్తున్నాయి. 2020 కరోనా కాలంలో గదులు మూతపడి మీటింగులు ఆన్‌లైన్‌కు మారాక, ఊళ్లో గ్రూపు లేనివారు కూడా సెల్‌ఫోను నుంచే చేరగలుగుతున్నారు.