బాన పోయింది, ముక్క వాసన మిగిలింది

వాన విషయంలో నెల్లూరు జిల్లాది ఎప్పుడూ వేరే దారే. తక్కిన ఆంధ్రను తడిపే నైరుతి ఇక్కడ మొహం చాటేసినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు వాయుగుండాలను వెంటేసుకొచ్చి ఏడాది వానలో సగానికి పైగా కుమ్మరించి పోతాయి. బిట్రగుంట రైల్వే కాలనీ, జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డు రెండూ ఉన్న బోగోలు మండలంలో ఆ రోజులొస్తే దండేలు వసారాల్లోకి చేరతాయి. పొద్దున ఆరేసిన తువ్వాలు రాత్రికీ ఆరదు. మొహం తుడుచుకోబోతే ముక్క వాసన. పైగా ఉప్పుగాలి సోకిన బట్ట చెమ్మను ఇట్టే పట్టుకుంటుంది.

సబ్బుపొడి అంటే ఏమిటో తెలియని కాలంలోనూ ఇవే వానలు, ఇదే గాలి. అప్పుడు ఈ పనికి ఉన్న సరంజామా రెండే: చౌడు, బాన.

పంట పండదని రైతు తిట్టుకునే చౌడు నేల రజకులకు మాత్రం పెన్నిధి. ఆ మట్టిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది, ఒంటి జిడ్డును విరిచేది అదే. మైలబట్టలను చౌడునీళ్లలో ముంచి, పిండి, పొయ్యి మీది పెద్ద బాన మూతి చుట్టూ గోపురంలా పేర్చేవారు. కింద నీళ్లు తెర్లుతుంటే ఆవిరి బట్టల మడతల్లోకి రాత్రంతా ఎక్కేది. దీన్నే ఉబ్బకు వేయడం అనేవారు. తెల్లారి రేవులో బండకేసి బాది, జాడించి, ఎండలో పరిచేవారు. సూక్ష్మజీవి అనే మాట పుట్టకముందే ఈ పద్ధతి వాటి పని పట్టింది.

అయితే ఆ శుభ్రతకు మూల్యం చెల్లించినవాళ్లు వేరు. ఊరందరి మైల మోసి, చౌడునీళ్లకు చేతులు పగిలి, పొగకు కళ్లు మండి ఉతికిన కుటుంబాలకు కళ్లంలో కొలిచిన మేర గింజలే కూలి. తెలంగాణలోనైతే అది వెట్టి. పాతకాలపు శుభ్రతను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి దాటేయడం న్యాయం కాదు.

1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం కలిసింది. ఆ దారిలో బిట్రగుంట ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు తెచ్చుకుంది. డీజిలూ కరెంటూ వచ్చాక ఇంజన్ల ఆవిరి ఆగిపోయింది. చాకిరేవు ఆవిరిని ఆపింది మాత్రం సబ్బు. లీవర్ వాళ్ల సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ నిర్మా మొదలుపెట్టి, పొడిని పేదింటి గడప దాకా తెచ్చాడు. ఇవన్నీ చన్నీళ్లలోనూ మురికి వదిలిస్తాయి. అందుకే ఇళ్లలో బట్టలు ఉడకబెట్టే అలవాటు మెల్లగా జారిపోయింది.

తువ్వాలు కూడా మారింది. భుజాన వేసుకునే పల్చని చేనేత తుండు గట్టిగా రెండు సార్లు విదిలిస్తే సగం ఆరుతుంది. కుచ్చులు తేలిన టర్కీ తువ్వాలు అలా కాదు. టర్కీలోని బుర్సా నేతను చూసొచ్చిన హెన్రీ క్రిస్టీ కోసం శామ్యూల్ హోల్ట్ ఇంగ్లండులో ఆ కుచ్చులను మగ్గానికి ఎక్కించాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో అది అందరి కంటా పడింది. మన దగ్గర దానికి పేరు తెచ్చిన షోలాపూర్‌లో మగ్గాల చప్పుడు మధ్య వినిపించేది ఎక్కువగా తెలుగే. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల ఊరది. షోలాపూర్ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నీళ్లను పీల్చే ఆ కుచ్చులే నీళ్లను దాచుకుంటాయి కూడా. రాజస్థాన్ ఎండకు అది సుఖం, బోగోలు ముసురుకు శిక్ష.

తడి తువ్వాలులోని ఆ ముక్క వాసన దేనిదో 2012లో జపాన్‌లో కావో కంపెనీ పరిశోధకులు తేల్చారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా తడిబట్టలో పెరుగుతూ ఒక కొవ్వు ఆమ్లాన్ని వదులుతుంది, ముక్కుకు తగిలేది అదే. ఇది ఎండబెట్టినా, అతినీలలోహిత కిరణాలు సోకినా ఒక పట్టాన చావని రకం. ‘ఎండలో వేస్తే సరి’ అన్న మన ధీమా సగమే నిజమన్నమాట. ఎండ తడిని తీసేస్తుంది, అంతే. జీవిని చంపడానికి వేడి కావాలి. బాన చేసింది ఆ పనే.

తీరంలోని బోరు నీళ్ల కాఠిన్యం మరో తంటా. సబ్బు నురగ కట్టదు, నురగ రాలేదని ఇంకాస్త రుద్దుతారు, విరిగిన సబ్బు తెట్టులా కుచ్చుల్లో పేరుకుంటుంది. మెత్తదనం కోసం పోసే సువాసన ద్రవాలు దాని మీద ఇంకో పూత పూస్తాయి. నీళ్లు పీల్చడం తగ్గుతుంది, వాసన అలాగే ఉంటుంది.

ముసురు రోజుల్లో మందపాటి తువ్వాళ్లను బీరువాలో పెట్టి పల్చని చేనేత తుండు వాడుకోవడం మేలు. రంగు దిగనివాటిని వారానికోసారి గుప్పెడు చాకలిసోడా వేసి మరిగే నీళ్లలో అరగంట ఉంచండి. మెషిన్ ఉన్నవాళ్లు 60 డిగ్రీల మీట నొక్కండి, పొడి తగ్గించండి, ఉతికిన బట్టను డ్రమ్ములో రాత్రంతా వదిలేయకండి.