నియంత్రక టి కణాలు

నియంత్రక టి కణాలు రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడికి దిగకుండా అదుపు చేసే తెల్ల రక్తకణాలు. రక్తంలోని సిడి4 అనే ఉపరితల ప్రోటీన్ ఉన్న టి కణాల్లో ఇవి సుమారు 5–10 శాతం. ఎక్కువ భాగం థైమస్ గ్రంథిలో తయారవుతాయి.

జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగూచి 1995లో వీటిని సిడి25 అనే ఉపరితల ప్రోటీన్ ఆధారంగా గుర్తించారు. వీటి వెనుక ఉన్న జన్యువు ఆచూకీ మాత్రం ఒక రకం ఎలుకల్లో దొరికింది. 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో బయటపడిన ‘స్కర్ఫీ’ రకం మగ ఎలుకలు పొలుసులు రేగిన చర్మంతో, ఉబ్బిన ప్లీహం, లసిక గ్రంథులతో కొద్ది వారాలే బతికేవి. ఎక్స్ క్రోమోజోముపై ఉన్న ఫాక్స్‌పి3 జన్యువులోని లోపమే ఇందుకు కారణమని 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ తేల్చారు. మనుషుల్లో ఇదే జన్యువు దెబ్బతింటే మగ శిశువులకు ఐపెక్స్ వ్యాధి వస్తుంది: ఆగని విరేచనాలు, పసితనంలోనే మధుమేహం, ఎగ్జిమా. నియంత్రక టి కణాలను తీర్చిదిద్దేది ఈ జన్యువేనని 2003లో రుజువైంది.

ఇతర టి కణాలు పెరగడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2ను నియంత్రక టి కణాలు ముందే లాగేసుకుంటాయి. సిటిఎల్‌ఎ-4 ప్రోటీన్‌తో ప్రేరక సంకేతాలను తగ్గిస్తాయి; ఇంటర్‌ల్యూకిన్-10 విడుదల చేసి వాపును అణచివేస్తాయి.

క్యాన్సర్ గడ్డల్లో మాత్రం ఈ అదుపే కీడు చేస్తుంది. రోగనిరోధక దాడి నుంచి గడ్డకు రక్షణ దొరుకుతుంది.

సకగూచి, బ్రంకో, రామ్స్‌డెల్ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.