75 సెంట్ల తేడా



బ్యాంకులో చేత్తో లెడ్జర్లు రాసిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1974 జూన్ క్లోజింగులో మా బ్రాంచిలో 7 పైసలు తేడా వచ్చింది. "నా జేబులోంచి వేసేస్తాను సార్, ఇంటికి పోదాం" అన్నాను. మా అకౌంటెంటు గారు ఒప్పుకోలేదు. "తేడా 7 పైసలేనయ్యా, తప్పు ఎంత పెద్దదో నీకేం తెలుసు?" అన్నారు. అర్ధరాత్రి దాటాక దొరికింది. రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలినవి ఆ 7 పైసలు!

ఆ సంగతి మళ్ళీ గుర్తు చేసింది మా మనవరాలు. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చేసి, కంప్యూటర్ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతానంది. "చదివినదానికీ దీనికీ పొంతనేమిటమ్మా?" అని అడ్డు చెప్పినవాణ్ణి నేనే. "ముందు ఇది చదువు తాతయ్యా" అంటూ ఒక పుస్తకం చేతిలో పెట్టింది. అది క్లిఫర్డ్ స్టోల్ రాయగా 1989లో వచ్చిన 'ది కుకూస్ ఎగ్'.

స్టోల్ చదివింది ఖగోళశాస్త్రం. పనిచేసింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ లేబొరేటరీలో. 1986లో ఆయన పనికి గ్రాంటు అయిపోతే కంప్యూటర్ విభాగానికి మార్చారు. కొత్త సీటులో కూర్చోగానే అప్పగించిన పని, కంప్యూటర్ వాడకం లెక్కల్లో వచ్చిన 75 సెంట్ల తేడా తేల్చడం. అంటే ఒక డాలరు కూడా కాదు. ఎవరో కొద్ది సెకన్లు వాడుకుని బిల్లు కట్టలేదు.

కూపీ లాగితే బయటివాడెవడో దొంగచాటుగా లోపలికి వస్తున్నాడని తేలింది. కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు, వాడు తన ప్రోగ్రామును ఆ కంప్యూటరులో పెట్టి, దానిచేతనే పొదిగించి, పూర్తి అధికారం సంపాదించాడు. పుస్తకం పేరు అందుకే. అక్కణ్ణించి సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్నాడు.

స్టోల్ వెంటనే తలుపు మూయలేదు. లైన్లకు ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించారు. నక్షత్రాలను చూసేటప్పుడు రాసుకున్నట్టే తేదీ, టైము వేసి చూసినదంతా రాసుకున్నారు. పోయింది 75 సెంట్లేనని ఎఫ్.బి.ఐ. మొదట్లో పట్టించుకోలేదు. వాణ్ణి ఎక్కువసేపు లైనులో ఉంచితేగాని జాడ తెలియదు. అందుకని రక్షణ రహస్యాల్లా కనిపించే దొంగ ఫైళ్ళు పెట్టి ఎర వేశారు. జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో తేలింది. మనిషి పేరు మార్కస్ హెస్. దొంగిలించిన సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి అమ్ముడుపోయేది. 1990లో జర్మన్ కోర్టు హెస్‌నూ అతని సహచరులనూ దోషులుగా తేల్చింది.

పుస్తకం మూసేసరికి మా అకౌంటెంటు గారే కళ్ళముందు మెదిలారు. ఈ ఉద్యోగానికి కావలసింది డిగ్రీ పేరు కాదు, చిన్న తేడాను వదిలిపెట్టని బుద్ధి. అది మన లెడ్జరు చదువే. మనవరాలికి మనస్ఫూర్తిగా సరేనన్నాను. ఇప్పుడు ఆ అమ్మాయి అదే పనిలో ఉంది.

సభ్యులకు ఒక విన్నపం. పెన్షను ఖాతాలో ఎరగని డెబిట్టు ఒక్క రూపాయిదే అయినా "పోనీలే" అనుకోకండి. వెంటనే బ్యాంకుకు చెప్పండి. మోసమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. తేడా చిన్నదే కావచ్చు, తప్పు ఎంతదో మనకు తెలియదు కదా!