జాతుల జాబితా, విరాళాల పద్దు: ఉత్తర అమెరికా వసంత పక్షివీక్షణ చరిత్రపై ఒక పరిశీలన

ఉత్తర అమెరికాలో ఏటా మే నెలలో 'బర్డథాన్' పేరుతో ఒక సామాజిక కార్యక్రమం జరుగుతుంది. కొందరు జట్టుగా ఏర్పడి, 24 గంటల వ్యవధిలో ఎన్ని జాతుల పక్షులను గుర్తించగలరో చూస్తారు. అంతకుముందే బంధుమిత్రులను, ఇరుగుపొరుగువారిని కలిసి, గుర్తించిన ఒక్కొక్క జాతికి ఇంత చొప్పున విరాళం ఇస్తామన్న మాట తీసుకుంటారు. ఆ సొమ్ము పక్షుల పరిశోధనకూ వాటి ఆవాసాల రక్షణకూ వెళ్తుంది. పైకి వినోదంగా కనిపించే ఈ కార్యక్రమంలో వేటపందెం, వసంతకాలపు నడక, చందా వసూలు అనే మూడు వేర్వేరు ఆచారాల చరిత్ర కలిసి ఉంది. డబ్బును పక్షి జాతికి ముడివేయడం వల్లనే ఈ కార్యక్రమం జనంలోకి వెళ్లిందనీ, పక్షుల సంఖ్య తరిగిపోవడం దాని లెక్కలో కనిపించకుండా పోవడానికి కూడా ఆ ముడే కారణమనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరును గురించి ఒక మాట. మారథాన్ గ్రీసు దేశంలోని ఒక ఊరి పేరు. ఆ ఊరి పేరు పరుగుపందేనికి పేరైంది. అమెరికా ఆంగ్లం ఆ పేరు చివరి ముక్కను విరిచి, చాలాసేపు ఓపికతో చేసే పని అనే అర్థంలో ప్రత్యయంగా వాడుకున్నది. అలా నడకకు వాకథాన్, టెలివిజన్‌లో గంటల తరబడి సాగే విరాళాల సేకరణకు టెలిథాన్ అనే మాటలు పుట్టాయి. మూలభాషలో ఆ ముక్కకు విడిగా ఈ అర్థం లేదు. ఊరి పేరులోని తోక ప్రత్యయంగా మారడం పదనిష్పత్తిని అధ్యయనం చేసేవారికి ఆసక్తికరమైన విషయమే. బర్డథాన్‌కు తెలుగులో స్థిరపడిన మాట కనిపించదు కనుక ఈ వ్యాసంలో దానిని 'విరాళ గణన' అని వ్యవహరిస్తున్నాను. అందులో పక్షి పేరు లేకపోయినా డబ్బూ లెక్కా రెండూ ఉన్నాయి. ప్రస్తుత చర్చకు అవే ముఖ్యం.

అమెరికాలో పక్షుల లెక్క మొదట అడవిలో కాక నగర వీధిలో మొదలైందని చెప్పవచ్చు. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు న్యూయార్క్ నగరంలోని బజారు వీధుల్లో రెండు మధ్యాహ్నాలు తిరిగి, స్త్రీలు ధరించిన టోపీలను లెక్కపెట్టాడు. 700 టోపీలు చూస్తే 542 టోపీల మీద పక్షులో, వాటి ఈకలో అలంకారంగా ఉన్నాయి. వాటిలో 40 జాతులను అతడు గుర్తుపట్టగలిగాడు. ఈ లెక్కలో రెండు రకాల కొలతలు పక్కపక్కన ఉన్నాయి: జాతులు ఎన్ని, సంఖ్య ఎంత. తరువాతి చరిత్రలో ఈ రెండు కొలతలు ఎలా విడిపోయాయన్నదే మనం గమనించవలసినది.

అనంతర కాలంలో చాప్‌మన్ అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పక్షి శాస్త్రజ్ఞుడయ్యాడు. 1899లో 'బర్డ్-లోర్' పత్రికను ప్రారంభించాడు. ఆ రోజుల్లో క్రిస్మస్ పండుగనాడు మగవాళ్లు రెండు పక్షాలుగా చీలి, తుపాకులతో బయలుదేరి, కంటబడిన ప్రతి పక్షినీ జంతువునూ కాల్చేవారు. సాయంత్రానికి ఎవరి కుప్ప పెద్దదైతే వారిది గెలుపు. దానికి బదులుగా చచ్చిన పక్షులను కాక బతికిన పక్షులను లెక్కపెట్టి పంపవలసిందిగా 1900 డిసెంబరులో చాప్‌మన్ తన పాఠకులను కోరాడు. ఆ క్రిస్మస్ నాడు 27 మంది 25 చోట్ల లెక్కించి, దాదాపు 90 జాతులకు చెందిన సుమారు 18,500 పక్షులను నమోదు చేశారు. పందెం స్వభావాన్ని నిషేధించకుండా, అందులోంచి తుపాకిని మాత్రం తీసివేయడం చాప్‌మన్ లోకజ్ఞతకు నిదర్శనం. పండుగనాటి గెలుపోటముల సరదా చెడలేదు, పక్షి ప్రాణం దక్కింది. ఇది శీతకాలపు లెక్క అనీ, ఇందులో పక్షుల సంఖ్య తప్పనిసరి అనీ గుర్తుంచుకోవాలి.

వసంతపు నడకల చరిత్ర వేరు. దానిలో ముందున్నవారు స్త్రీలు. 1886లో మాసచూసెట్స్‌లోని స్మిత్ కళాశాలలో ఫ్లారెన్స్ మెరియం అనే విద్యార్థిని తన సహాధ్యాయిని ఫానీ హార్డీతో కలిసి ఒక ఆడుబాన్ సంఘాన్ని స్థాపించింది. ఈకల టోపీలు మానమని ఉపన్యాసాలు చెప్పడం కంటే, తెల్లవారుజామున తోటి విద్యార్థినులను బయటికి తీసుకువెళ్లి బతికిన పక్షిని చూపించడమే మేలని ఆమె భావించింది. ప్రసిద్ధ ప్రకృతి రచయిత జాన్ బరోస్ కూడా అక్కడికి వచ్చి వారి నడకలకు మార్గదర్శి అయ్యాడు. 1889లో ఆమె ప్రచురించిన పుస్తకానికి నాటకశాలలో వాడే చిన్న దుర్భిణి పేరునే శీర్షికలో పెట్టింది. అప్పటి శాస్త్రజ్ఞులకు పక్షిని కాల్చి చేతిలోకి తీసుకున్న తరువాతే గుర్తింపు. ఆమె మార్గంలో దూరం నుంచి చూడడంతోనే గుర్తింపు పూర్తవుతుంది. విరాళ గణనకు తాత్త్విక పునాది చాప్‌మన్ గణన అని సాధారణంగా చెబుతారు. నా ఉద్దేశంలో ఆ గౌరవంలో సగమైనా ఈ నడకలకు దక్కాలి. అపరిచితులను వెంట తీసుకువెళ్లి చూపించడం, చూసినవారు రక్షణకు పూనుకొంటారని నమ్మడం అక్కడే మొదలయ్యాయి.

నడకలకు వసంతాన్నే ఎన్నుకోవడంలో కవిత్వం కంటే ప్రయోజనమే ఎక్కువ. దక్షిణాదిన శీతకాలం గడిపిన చిన్నపక్షులు మే మొదటి మూడు వారాల్లో ఉత్తరానికి తిరిగివస్తాయి. మగపక్షులు కొత్త ఈకలతో, పాటలతో ఉంటాయి. చెట్ల ఆకులు ఇంకా పూర్తిగా విచ్చుకోవు కనుక కొమ్మల మీది పిట్ట కనబడుతుంది. స్థిరనివాస పక్షులు, దాటిపోయే వలస పక్షులు, ఇంకా వెళ్లని శీతకాలపు అతిథులు ఒకే రోజున ఒకే చోట ఉండడం వల్ల జాతుల సంఖ్య గరిష్ఠస్థాయికి చేరుతుంది. ఈ సంగతిని పందెంగా మార్చినవారు 1920, 1930 దశకాల నాటి పక్షిపరిశీలకులు. న్యూజెర్సీలో చార్లెస్ అర్నర్, మాసచూసెట్స్‌లో లడ్లో గ్రిస్కం మే నెలలో ఒక రోజంతా తిరిగి జాతులను పోగుచేసే 'బిగ్ డే'ను ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ రాసిన గుర్తింపు పుస్తకం వెలువడడంతో నిపుణుల ఆట సామాన్యుల చేతికీ అందింది. క్రిస్మస్ గణనలో అవసరమైన పక్షుల సంఖ్య ఈ ఆటలో జారిపోయింది. వేయి పక్షుల గుంపుకూ ఒంటరి పక్షికీ జాబితాలో ఒకటే గీత.

ఈ ఆటలోకి డబ్బు ప్రవేశించినది 1976లో. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన పొడవైన ఇసుక నాలుక లాంగ్ పాయింట్. రాత్రి సరస్సు దాటి అలసిన వలస పక్షులు వాలేది అక్కడే. 1960 నుంచి ఆ చోట పక్షి పరిశీలన కేంద్రం ఒకటి పనిచేస్తూ, పక్షులను వలలతో పట్టి, కాళ్లకు వలయాలు తొడిగి విడిచిపెడుతున్నది. ఈ కేంద్రం ప్రారంభించిన విరాళ గణనకు, రాయల్ ఒంటారియో మ్యూజియంలో జీవితమంతా పనిచేసి 1970లో మరణించిన జేమ్స్ బెయిలీ పేరు పెట్టారు. ఆయన పేరనే ఏర్పడిన నిధి ద్వారా చిన్న పరిశోధనలకు సహాయం అందింది. పాల్గొన్నవారు తాము పోగుచేసిన సొమ్ములో కొంత భాగాన్ని తమ ఊరి పక్షిసంఘానికి కేటాయించుకునే వీలు కల్పించడం ఈ ఏర్పాటులోని చమత్కారం. దూరాన ఉన్న పరిశోధన కేంద్రానికి చందా అడిగితే ముఖం చాటేసేవాడు కూడా తన వీధి చివరి చెరువు కోసం నాలుగు ఇళ్ల తలుపులు తడతాడు. ఆ కేంద్రమే పెరిగి నేడు బర్డ్స్ కెనడా అనే జాతీయ సంస్థ అయింది.

ఎనిమిదేళ్ల తరువాత 1984 మే నెలలో న్యూజెర్సీలోని కేప్ మే పక్షి పరిశీలన కేంద్రానికి చెందిన పీట్ డన్ 'వరల్డ్ సిరీస్ ఆఫ్ బర్డింగ్' ప్రారంభించాడు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు రాష్ట్రమంతా తిరిగి జాతులను గుర్తించాలి. ప్రతి జట్టూ తనకు నచ్చిన రక్షణ కార్యానికి విరాళాలు సేకరించవచ్చు. మొదటి ఏడు డన్, వృద్ధుడైన పీటర్సన్, యువకుడైన డేవిడ్ సిబ్లీ ఉన్న జట్టు 201 జాతులతో గెలిచింది. గుర్తింపు పుస్తకాలకు ఆద్యుడైనవాడూ, తరువాతి తరంలో అంతటి పుస్తకం రాయబోయేవాడూ ఒకే బండిలో ప్రయాణించిన ఆ రోజును అమెరికా పక్షివీక్షకులు నేటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

ఈ వ్యవస్థ అంతా మాట మీద నడిచేదే. దాతకు రుజువు ఉండదు. చీకట్లో వినిపించిన గుడ్లగూబ కూతను కూడా జాబితాలో చేర్చవచ్చు. జాబితాలోని జాతులలో అత్యధిక భాగాన్ని జట్టు సభ్యులందరూ గుర్తించి ఉండాలన్న నియమమే పోటీలలో సాక్ష్యం. వినడం చూడడంతో సమానమనే ఈ సూత్రం మనకు కొత్త కాదు. మన కావ్యాలలో వసంతాన్ని ప్రకటించే కోకిల కూడా ప్రధానంగా వినిపించేదే గాని కనిపించేది కాదు. జాబితా పెరిగిన కొద్దీ తన జేబులోంచి ఇవ్వవలసినది పెరుగుతుందని తెలిసీ దాత ఆ మాటను నమ్ముతాడు. ఈ నమ్మకం సంఘంలో ముఖపరిచయం ఉన్నవారి మధ్యనే సాధ్యం.

పక్షి దర్శనానికీ డబ్బుకూ ముడి పడినప్పుడు దాని ఫలితం ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. దీనికి మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. దసరానాడు జమ్మిపూజతో పాటు పాలపిట్టను చూడడం తెలంగాణలో శుభకరమైన ఆచారం. ఊరివారంతా పొలిమేరకు వెళ్లి ఒక పక్షి కోసం వెతకడాన్ని సామూహిక పక్షివీక్షణ అనడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు. నగరాలలో పొలిమేర దూరమైపోయింది. పాలపిట్టను ముందే పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తెచ్చి, డబ్బు తీసుకుని చూపించేవారు వచ్చారు. రాష్ట్రపక్షిగా గౌరవం పొందిన పిట్టకు ఆ పండుగే ప్రాణాంతకమైంది. అక్కడా ఇక్కడా చూసినందుకే డబ్బు. కెనడాలో ఆ డబ్బు స్వేచ్ఛగా ఉన్న పక్షిని చూసినవాడి ద్వారా రక్షకుడికి చేరింది. ఇక్కడ పట్టినవాడికి చేరింది. భక్తిలో లోపం లేదు, లోపం చెల్లింపు ఏర్పాటులో ఉంది.

అయితే విరాళ గణన ఏర్పాటులోనూ ఒక గుడ్డితనం ఉన్నది. కేప్ మే ఉన్నది డెలావేర్ అఖాతం ముఖద్వారం దగ్గర. ఉల్లంకి పిట్టల కుటుంబానికి చెందిన రెడ్ నాట్ అనే పక్షి దక్షిణ అమెరికా కొసన శీతకాలం గడిపి, ఉత్తరధ్రువ ప్రాంతానికి పోతూ మే నెలలో ఈ అఖాతం ఒడ్డున దిగుతుంది. ఇసుకలో హార్స్‌షూ పీతలు పెట్టే గుడ్లను కడుపారా తిని బరువు పెంచుకుని ఎగిరిపోతుంది. 1990లలో ఆ పీతలను చేపల వేటలో ఎరగా వాడడం కోసం విపరీతంగా పట్టారు. 1980ల చివర 90 వేలకు పైగా లెక్కకు వచ్చిన ఈ పక్షులు 2021లో 7 వేల లోపే కనిపించాయి. 2014 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ ఉపజాతిని ముప్పు పొంచి ఉన్నవాటిలో చేర్చింది. ఈ కాలమంతటా ప్రతి మే నెలలోనూ ఆ తీరంలోనే విరాళ గణన జరుగుతూ వచ్చింది. అఖాతం ఒడ్డున ఆగిన జట్టు జాబితాలో రెడ్ నాట్‌కు 90 వేలున్న ఏడూ ఒకటే గీత, 7 వేలున్న ఏడూ ఒకటే గీత. దాత చెల్లించిన మొత్తమూ మారలేదు. చిట్టచివరి పక్షి రాకుండా పోయే వరకు ఆ పద్దు మారదు.

ఇది ఒక్క పక్షికి సంబంధించిన విషయం కాదు. 1970 తరువాత ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు, అంటే సుమారు 29 శాతం, తగ్గిపోయాయని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ తగ్గుదలలో అధికభాగం అరుదైన జాతులది కాదు. పిచ్చుకలను పోలిన, ఎప్పుడూ కనబడే మామూలు పిట్టలది. జాబితా నింపేవారికి ఇవి తెల్లవారగానే దొరికేస్తాయి. తరువాత వాటి వైపు తల తిప్పి చూసే తీరిక ఉండదు. ఆ అధ్యయనానికి ఆధారాలలో కొన్ని చాప్‌మన్ మొదలుపెట్టిన క్రిస్మస్ గణన నుంచి, 1966లో మొదలైన సంతానకాలపు పక్షి సర్వే నుంచి వచ్చాయి. వసంత రాత్రులలో ఆకాశాన్ని దాటే పక్షుల మొత్తాన్ని 143 వాతావరణ రాడార్లతో కొలిచి, 2007 నుంచి 2017 వరకు అది సుమారు 14 శాతం తగ్గిందని కూడా అందులో చూపారు. ఒకే వసంతం, ఒకే వలస. రాడార్ తగ్గుదల చూసినచోట జాబితా మాత్రం నిండుగానే ఉన్నది.

దీన్నిబట్టి విరాళ గణనను తీసిపారేయడం చరిత్రకు న్యాయం కాదు. లాంగ్ పాయింట్‌లో పక్షుల కాళ్లకు వలయాలు తొడిగిన పనికి ఊతమిచ్చిన సొమ్ములో ఈ చందాలూ ఉన్నాయి. కెనడాలో నేడు క్రిస్మస్ గణనను నిర్వహిస్తున్నదీ ఆ కేంద్రం నుంచి ఎదిగిన సంస్థే. జాతికింత అని పోగైన డబ్బు పక్షుల సంఖ్యను లెక్కించే సంస్థను పోషించిందన్నమాట. జాతికి కాక ఒక్కొక్క పక్షికి ఇంత అని మాట తీసుకుని ఉంటే ఏమయ్యేదని ప్రశ్నించుకోవచ్చు. బాతుల గుంపు ఒక్కటి వాలితే దాత దివాలా తీస్తాడు. ఎవరూ ముందుకు రారు. జాతుల సంఖ్యకు ఒక హద్దు ఉండడమే దాతకు ధైర్యం. ప్రజాదరణకు కారణమైనదీ, సత్యాన్ని మరుగుపరచినదీ ఆ హద్దే.

2002లో కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సంఘం కలిసి 'ఈ-బర్డ్' అనే నమోదు వ్యవస్థను నెలకొల్పాయి. ఇప్పుడు విరాళ గణన జట్లు చాలావరకు తమ జాబితాలను అందులోనే రాస్తున్నాయి. ప్రతి జాతి పేరు పక్కనా ఒక గడి ఉంటుంది. కనిపించిన పక్షుల సంఖ్య రాయవలసింది అందులోనే. లెక్కపెట్టనివారు సంఖ్యకు బదులు ఆంగ్ల అక్షరం ఎక్స్ పెట్టవచ్చు. ఆ జాతి ఉన్నదని మాత్రమే దాని అర్థం. దాతతో పద్దు తీర్చుకోవడానికి ఎక్స్ చాలు. టోపీలను సైతం ఒక్కటొక్కటిగా లెక్కించిన చాప్‌మన్ అడిగేది ఆ గడిలో ఉండవలసిన అంకెను.