ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయోలిన్ విద్వాంసుడు. కర్ణాటక సంగీతంలో గాయకుడి పక్కన కూర్చునే ఫిడేలును వేదిక నడుమకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. విజయనగరం వాళ్లకు మాత్రం ఆయన ‘ఫిడేలు నాయుడుగారు’.

1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చూపు మందం కావడంతో బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల తెరిచారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడుగారి వాయింపు విని ఏకంగా వయోలిన్ ఆచార్యుడిగా నియమించారని అంటారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. పాట నేర్చుకోవాలని ఊరు విడిచి వచ్చిన ఘంటసాల ఆయన హయాంలోనే ఆ కళాశాలలో చదివారు.

వయోలిన్ దక్షిణాదిన కాలుపెట్టి అప్పటికే నూరేళ్లు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి మలిచారని చెబుతారు. పాశ్చాత్యులు గడ్డం కింద ఇరికించి వాయిస్తారు. మనవాళ్లు బాసింపట్టు వేసి, ఒక కొసను ఛాతీకీ, రెండో కొసను కుడికాలి చీలమండ దగ్గరా ఆనిస్తారు. అప్పుడు వాద్యాన్ని మోసే పని ఎడమచేతికి ఉండదు. వేళ్లు తీగ మీద జారి గమకం పలికించగలవు. నాలుగు తీగలనూ స-ప-స-ప అని శ్రుతి చేస్తారు. వాద్యం సీమదే, కూర్చునే తీరూ పలికే పలుకూ మనవి.

ఇంత చేసినా దాని స్థానం పక్కనే. గాయకుడు ఒక సంగతి వేస్తే వెంట్రుకవాసి వెనకగా అందుకోవాలి. ఆలాపన అయ్యాక జవాబు చెప్పాలి, అదీ గాయకుడి కన్నా పొడుగు కాకుండా. మృదంగానికి ఒంటరిగా వాయించే తని ఆవర్తనం దక్కుతుంది, ఫిడేలుకు అదీ లేదు. నాయుడుగారు పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయిస్తూనే, కచేరీ అంతా ఫిడేలే నడపవచ్చన్న నమ్మకానికి వచ్చారు. 1938లో వేలూరులో జరిగిన కచేరీని ఆయన తొలి సోలోగా చెబుతారు. ఆ రోజుల్లో అది సాహసమే.

సోలోలో అసలు చిక్కు సాహిత్యం. మన శ్రోతకు కృతి అంటే మాటలు. తీగకు మాట రాదు. అందుకని అక్షరం విరిగే చోట కమాను తిప్పాలి, దీర్ఘం ఉన్న చోట ఒకే కమానులో సాగదీయాలి. కృతి తెలిసినవాడికి అప్పుడు మాట వినబడుతుంది. నాయుడుగారి వాయింపులో మెచ్చుకునేది ఇదే: పొడుగాటి కమాను, తేటైన స్వరస్థానం, గమకంలో మితం. పాశ్చాత్య సంగీతాన్నీ ఆయన శ్రద్ధగా తెలుసుకున్నారు. నాదంలోని ఆ శుభ్రతకు అదీ ఒక కారణం కావచ్చు. 1952లో మన దేశానికి వచ్చిన పాశ్చాత్య వయోలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్, జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట ఆయన వాయింపు విని మెచ్చుకున్నారు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి (1941), ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ (1950), సంగీత నాటక అకాడమీ పురస్కారం (1953), పద్మశ్రీ (1957) అందుకున్నారు. 1964 నవంబరు 25న కన్నుమూశారు. కుమార్తె ద్వారం మంగతాయారు ఆయన బాణీలోనే ఫిడేలు వాయించారు.

ఆయన తర్వాత తెలుగు ఫిడేలు కొత్తదనం వైపు మరో అడుగు వేసింది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు; విజయవాడ ఆకాశవాణిలో కళాకారుడిగా పనిచేశారు. వాయించడంతో ఆగక వందన, శ్రీదుర్గ అనే రాగాలనూ, త్రినేత్రాది, వేదాది అనే తాళాలనూ కల్పించారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చేనాటికి వయసు తొంభై అయిదు.